సాల్లా: దారి మధ్యలో ఉన్న ఊరు దారి చివరి ఊరైన వైనం

ఫిన్లాండ్ మ్యాపులో తూర్పు అంచు వెంబడి పైకి చూసుకుంటూ పోతే, ఆర్కిటిక్ వలయం దాటీ దాటగానే సాల్లా కనిపిస్తుంది. వైశాల్యం దాదాపు 5,870 చదరపు కిలోమీటర్లు. గోవా రాష్ట్రానికి ఒకటిన్నర రెట్లన్నమాట. అంత నేల మీద ఉండే జనం మాత్రం 3,300 పైచిలుకు. మన దగ్గర అంతమంది ఉంటే ఒక మోస్తరు గ్రామ పంచాయతీ. అక్కడ అది సొంత పన్నులు, సొంత బడి, సొంత బడ్జెట్ ఉన్న పూర్తి స్థాయి స్థానిక ప్రభుత్వం.

టూరిస్టులను పిలవడానికి ఈ ఊరు పెట్టుకున్న నినాదం కూడా వింతగానే ఉంటుంది. 'ఎక్కడా కాని చోట, సరిగ్గా నడిమధ్యన' అని దాని అర్థం. మా ఊరికి ఫలానా గొప్ప ఉంది అని చెప్పుకోవాల్సిన చోట, మా ఊరు ఎక్కడా లేదు అని చెప్పుకుంటున్నారు. చదవగానే నవ్వొస్తుంది. కానీ సాల్లా చరిత్ర చూస్తే ఈ మాటలో సగమే నిజమని తెలుస్తుంది. ఈ ఊరు పుట్టుకతో మారుమూల కాదు. ఒకప్పుడు ఇది రెండు సముద్రాల మధ్య దారిలో ఉండేది. 1940 మార్చిలో మాస్కోలో గీసిన ఒక గీత దీన్ని దారి చివరకు నెట్టింది. ఆ తర్వాత ఎనభై ఏళ్లుగా ఇక్కడ జరిగిన ప్రతి పెద్ద మార్పులోనూ ఆ గీత ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది.

గీతకు ముందు

సాల్లాకు 1936 దాకా ఉన్న పేరు కుఓలాయార్వి. ఫిన్నిష్‌లో 'యార్వి' అంటే సరస్సు. మనకు ఊరి పేర్ల చివర చెరువు, కుంట వచ్చినట్టే వాళ్లకు యార్వి వస్తుంది. ఈ ప్రాంతంలో మొదటి నుంచీ ఉన్నది కెమి సామీలు. అడవి రెయిన్‌డీర్లను వేటాడుతూ, చేపలు పడుతూ, రుతువును బట్టి చోటు మారుతూ బతికిన అటవీ సామీ తెగ అది. 1673లో స్వీడన్ రాచరికం ఒక ఫర్మానా ఇచ్చింది. అప్పట్లో ఫిన్లాండ్ స్వీడన్ ఏలుబడిలో ఉండేది. ఉత్తరాన సామీల నేలకు పోయి స్థిరపడేవాళ్లకు పన్ను మాఫీ ఇస్తామన్నది దాని సారాంశం. దక్షిణం నుంచి ఫిన్నిష్ రైతులు వచ్చారు, అడవి నరికి కాల్చి, ఆ బూడిదలో పంట వేశారు. కాల్చిన అడవిలో వేటకు జంతువు మిగలదు. సామీలు కొందరు తప్పుకున్నారు, కొందరు రైతుల్లో కలిసిపోయారు. పంతొమ్మిదో శతాబ్దం గడిచేసరికి కెమి సామీ భాష మాట్లాడేవాళ్లే లేకుండా పోయారు. సాల్లా గురించి రాసేవాళ్లు యుద్ధ నష్టాన్ని ఎంతో వివరంగా రాస్తారు. దానికి రెండొందల ఏళ్ల ముందే మొదలై నెమ్మదిగా సాగిన ఈ నష్టాన్ని ఒక్క వాక్యంతో దాటేస్తారు.

1809లో ఫిన్లాండ్ రష్యా చక్రవర్తి కిందికి వెళ్లింది. 1866 నుంచి 1868 వరకు వచ్చిన మహా కరువు దేశ జనాభాలో దాదాపు ఎనిమిది శాతాన్ని పొట్టన పెట్టుకుంది. చలి నేలల్లో పైరు మంచుకు మాడిపోతే పైన్ చెట్టు బెరడు ఎండబెట్టి దంచి, పిండిలో కలిపి రొట్టె చేసుకుని తిన్న రోజులవి. అయితే కుఓలాయార్వి వాళ్లకు ఇంకో వీలుంది. తూర్పుగా పోతే తెల్ల సముద్రం ఒడ్డున కాందలాక్ష, పడమరగా పోతే బాల్టిక్ వైపు బోత్నియా అఖాతం. రెండు వైపులా సరుకు కోసం పోయి రావడానికి దారులుండేవి. సరిహద్దు అనేది కాగితం మీద ఉండేది, మనుషుల రాకపోకలను పెద్దగా ఆపేది కాదు. నీళ్లను చూసినా అంతే. సాల్లా నేలలో కురిసిన వానలో కొంత కెమి నది వైపు, అంటే పడమరకు పోతుంది. దక్షిణాన పుట్టే ఓలాంకా నది మాత్రం తూర్పుకు తిరిగి, రష్యాలోకి వెళ్లి, చివరికి తెల్ల సముద్రంలో కలుస్తుంది. ఈ ఊరు రెండు లోకాల మధ్య మిట్ట మీద కూర్చున్నట్టు ఉండేది.

1917లో ఫిన్లాండ్ స్వతంత్రమయ్యాక తూర్పు దారి మూసుకుపోవడం మొదలైంది. అయినా ఊరి కేంద్రం అప్పటికీ తూర్పు భాగంలోనే, కుఓలాయార్వి చర్చి చుట్టూ ఉండేది.

రెండు సైన్యాలు, ఒక రైలు పట్టా

1939 నవంబర్ 30న సోవియట్ యూనియన్ ఫిన్లాండ్ మీద దాడి చేసింది. దాన్నే శీతాకాల యుద్ధం అంటారు. సాల్లా మీదికి వచ్చిన సోవియట్ దళాల లెక్క చాలా సూటిగా ఉంది. కాందలాక్ష నుంచి సాల్లా, అక్కడి నుంచి కెమియార్వి, రొవానియెమి, ఆ తర్వాత స్వీడన్ సరిహద్దు. ఈ దారి పట్టుకుంటే ఫిన్లాండ్ నడుము దగ్గర రెండు ముక్కలవుతుంది. ఊరు దారి మధ్యలో ఉండటం అనే అదృష్టం ఒక్కరోజులో దురదృష్టంగా మారింది.

డిసెంబర్‌లో సాల్లా చర్చి గ్రామం సోవియట్ల చేతిలోకి పోయింది. వాళ్లు పడమరకు దూసుకెళ్లారు. జనరల్ వల్లేనియస్ నాయకత్వంలోని ఫిన్నిష్ దళాలు పెల్కోసెన్నియెమి, యోట్సియార్వి దగ్గర వాళ్లను ఆపి వెనక్కి నెట్టాయి. ఆ పైన పోరు మార్కాయార్వి అనే చిన్న ఊరి దగ్గర నిలిచిపోయింది. 1940 ఫిబ్రవరి చివర్లో ఆ యుద్ధరేఖ కాపలాను స్వీడన్ నుంచి వచ్చిన స్వచ్ఛంద సైనికులు తీసుకున్నారు. ఈ మార్కాయార్వి పేరు గుర్తు పెట్టుకోవాలి, కథలో మళ్లీ వస్తుంది.

మార్చి 12న మాస్కోలో శాంతి ఒప్పందం కుదిరింది. యుద్ధంలో సోవియట్లను వెనక్కి నెట్టిన చోట కూడా ఒప్పందంలో నేల వదులుకోవాల్సి వచ్చింది. సాల్లా తన నేలలో దాదాపు సగం పోగొట్టుకుంది. పాత చర్చి గ్రామం, అలాకుర్తి లాంటి ఊళ్లు, చివరికి ఊరికి పేరిచ్చిన సాల్లా కొండ కూడా అటు వైపే ఉండిపోయాయి. ఇవాళ సాల్లాతున్తురి అని టూరిస్టులు స్కీయింగ్‌కు వెళ్లే కొండ వేరే కొండ. దాని పాత పేరు ఇసో ప్యుహాతున్తురి. పేరు ఇటు వచ్చింది, కొండ అటు ఉండిపోయింది.

ఆ ఒప్పందంలో ఇంకో షరతు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. కాందలాక్ష నుంచి కెమియార్వి దాకా రైలు మార్గం వేయాలి, ఎవరి భాగం వాళ్లు కట్టాలి. ఫిన్లాండ్ రైలు 1934లోనే కెమియార్వి చేరింది. మిగిలిన ముక్క సాల్లా అడవుల గుండా పోవాలి. పేరుకు ఇది వర్తకం కోసం, సోవియట్ సరుకు స్వీడన్ చేరడం కోసం. కానీ యుద్ధంలో రోడ్డు మీద వచ్చినవాళ్లు ఈసారి రైలెక్కి వస్తారేమోనని ఫిన్లాండ్‌లో భయపడ్డవాళ్లు తక్కువేం కాదు. సోవియట్లు తమ వైపు ఖైదీలతో పని చేయించి వేగంగా పట్టాలు వేశారు. తీరా ఆ దారి వెంట మొదట దాడికి దిగింది రెండో వైపు వాళ్లు. 1941 జూలై 1న జర్మన్, ఫిన్నిష్ దళాలు సాల్లా దగ్గర సరిహద్దు దాటాయి. వారం రోజుల్లో పాత సాల్లాను, రెండు నెలల్లో అలాకుర్తిని తీసుకున్నాయి. కాందలాక్ష మాత్రం వాళ్లకు చిక్కలేదు. వెర్మా నది దగ్గర ఆగిపోయి, మూడేళ్లు అక్కడే కందకాల్లో ఉండిపోయారు.

1944 సెప్టెంబర్‌లో ఫిన్లాండ్ సోవియట్లతో యుద్ధ విరామం చేసుకుంది. షరతుల్లో ఒకటి, తమ నేల మీదున్న జర్మన్లను తరిమేయడం. అలా మొన్నటి తోడు ఇవాళ్టి శత్రువయ్యాడు. సాల్లా ఉన్న ఉత్తర ప్రాంతం ల్యాప్‌లాండ్‌లో సుమారు లక్ష మందిని వారాల వ్యవధిలో ఖాళీ చేయించారు. సగానికి పైగా స్వీడన్ వెళ్లారు, మిగతావాళ్లు ఫిన్లాండ్ పడమటి తీరానికి. పశువులను కాలినడకన తోలుకుపోయారు. వెనక్కి పోతున్న జర్మన్లు ఇళ్లు, వంతెనలు, టెలిఫోన్ స్తంభాలు దేన్నీ వదలకుండా తగలబెట్టి, దారుల్లో మందుపాతరలు పెట్టి పోయారు. సాల్లాలో చాలా భాగం బూడిదైంది. తిరిగొచ్చిన వాళ్లు కొన్నాళ్లు నేలలో తవ్విన డగౌట్లలో, ఆవిరి స్నానాల గదుల్లో కాపురం పెట్టారు. ఆవిరి గది, అదే సౌనా, ఫిన్నిష్ ఇంట్లో ఎప్పుడూ మొదట కట్టేది. ఇల్లు లేచేదాకా అదే ఇల్లు.

కొత్త కేంద్రం, చల్లటి పొలాలు

పాత చర్చి గ్రామం పోయింది కాబట్టి కొత్త కేంద్రం కావాలి. మార్కాయార్విని ఎంచుకుని దానికే సాల్లా అని పేరు పెట్టారు. 'మార్కా' అంటే తడి, తడిసిన సరస్సు అనుకోవచ్చు. 1940లో కాల్పులు నిలిచిన చోటే ఊరి గుండెకాయ అయింది. ఇవాళ సాల్లా వీధుల్లో పాత కట్టడం కనిపించదు. ఉన్నవన్నీ యుద్ధం తర్వాతివే. వాటిలో ఒక రకం ఇల్లు ఫిన్లాండ్ అంతటా కనిపిస్తుంది. కింద ఒక అంతస్తు, పైన వాలు కప్పు కింద సగం అంతస్తు, మధ్యలో ఒకే పొగగొట్టం, దాని చుట్టూ గదులు. 'యుద్ధం నుంచి వచ్చినవాడి ఇల్లు' అని పిలుస్తారు దాన్ని. నమూనా ప్లాన్లు ప్రభుత్వమే ఇచ్చింది, కర్ర అడవి ఇచ్చింది, కూలీ ఇంటివాళ్లే.

1945లో వచ్చిన భూసేకరణ చట్టం కింద ఇళ్లు, నేల పోగొట్టుకున్న వాళ్లకు, యుద్ధం చేసి వచ్చిన సైనికులకు భూమి పంచారు. ఉత్తరాన పంచింది సాగు భూమి కాదు, అడవీ బురదనేలా. ఫిన్నిష్‌లో ఇలాంటి వాటికి 'చల్లటి పొలం' అని ఒక మాట ఉంది. పొయ్యి వెలిగించిన ఇల్లు లేదు, దున్నిన చాలు లేదు. చేతికొచ్చేది కాగితం, కొంత అప్పు, ఒక గొడ్డలి. చెట్టు నరకాలి, మోడులు పీకాలి, బురద ఆరేదాకా కాలువలు తవ్వాలి. రెండు మూడు ఆవులు, ఇంత గడ్డి, కాస్త బంగాళాదుంప. మిగతా బతుకు చలికాలంలో కలప నరికే కూలీ మీద నడిచేది. గుర్రమూ రంపమూ ఉన్న మగవాడికి డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా అడవిలో పని. ఎండాకాలం మంచు కరిగాక ఆ దుంగలు నదిలో కొట్టుకుపోయి మిల్లులకు చేరేవి. కెమి నది మీద దుంగలు వదలడం 1991 దాకా సాగింది.

ఈ ఏర్పాటు ఓ ఇరవై ఏళ్లు బాగానే పని చేసింది. 1960ల మొదట్లో సాల్లా జనాభా ఇప్పటికి దాదాపు మూడు రెట్లు ఉండేది. ప్రతి పల్లెకూ బడి, ప్రతి బడి చుట్టూ పిల్లలు. సరుకులతో తిరిగే దుకాణం లారీ వారానికొకసారి ఇంటి ముందుకు వచ్చేది. 1960 వేసవిలో తుంత్సా అడవికి నిప్పంటుకుంది. సరిహద్దు అవతల నుంచి వచ్చిన మంట అది, ఫిన్లాండ్ చూసిన అతి పెద్ద కార్చిచ్చు. ఇవాళ్టికీ ఆ కొండల్లో కొన్ని చోట్ల అడవి తిరిగి లేవలేదు. నేలకు గీత గీయొచ్చు, మంటకు గీయలేం కదా.

తర్వాత జరిగిన కూలుబాటుకు బయటి శత్రువు ఎవరూ లేరు. చెయిన్ రంపం వచ్చింది, ఆ వెనకే అడవి ట్రాక్టర్ వచ్చింది. పది మంది చేసే పని ఇద్దరితో అయిపోయింది. పాలు, ధాన్యం దేశంలో అవసరానికి మించి పండుతున్నాయని 1969లో ఇంకో చట్టం వచ్చింది. పొలాన్ని బీడు పెడితే డబ్బులిస్తామన్నారు. ఇరవై ఏళ్ల కింద బురద ఆరబెట్టి పొలం చేయమని అప్పిచ్చిన ప్రభుత్వమే ఇప్పుడు ఆ పొలాన్ని వదిలేయమని డబ్బిచ్చింది. నడుము విరిగేలా మోడులు పీకిన మనిషికి, తన కళ్ల ముందే ఆ చేలో మళ్లీ విల్లో పొదలు లేవడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అదే సమయంలో స్వీడన్ ఫ్యాక్టరీలు మనుషుల కోసం వెతుకుతున్నాయి. 1954 నుంచి నార్డిక్ దేశాల మధ్య పనికి వీసా బెడద లేదు. 1969, 1970 సంవత్సరాల్లో ఫిన్లాండ్ నుంచి స్వీడన్‌కు పోయినవాళ్లు ఏటా నలభై వేల చొప్పున ఉంటారు. ల్యాప్‌లాండ్ పల్లెల్లో బడి అయిపోయిన కుర్రాళ్లు గుంపులుగా బస్సెక్కారు. యుద్ధం ఊరిని ఒక్కసారి ఖాళీ చేయిస్తే, జనం తిరిగొచ్చారు. ఈసారి పోయినవాళ్లలో చాలామంది రాలేదు.

మూడు వేల మంది ప్రభుత్వం

ఇంత తక్కువ జనంతో ఒక స్థానిక ప్రభుత్వం ఎలా నడుస్తుంది? ఫిన్లాండ్‌లో దీన్ని 'కున్తా' అంటారు. 2025 నాటికి దేశంలో 308 కున్తాలు ఉన్నాయి. హెల్సింకి కూడా కున్తాయే, సాల్లా కూడా కున్తాయే. చట్టం ముందు రెండూ ఒకటే. కున్తా తన జనం ఆదాయం మీద నేరుగా పన్ను వేస్తుంది, శాతం ఎంతో తానే నిర్ణయించుకుంటుంది. నాలుగేళ్లకోసారి ఎన్నికలు. ఐదు వేల లోపు జనం ఉన్నచోట సభలో కనీసం 13 మంది ఉండాలి. వాళ్లకు జీతం ఉండదు, సమావేశానికి కొంత భత్యం మాత్రం వస్తుంది. బడి పంతులు, రెయిన్‌డీర్ కాపరి, రిటైరైన నర్సు పక్కపక్కన కూర్చుని బడ్జెట్ చూస్తారు. రోజువారీ పాలన చూసే మేనేజర్‌ను జనం ఎన్నుకోరు, సభ ఉద్యోగంలో పెట్టుకుంటుంది. ఎక్కడి నుంచైనా దరఖాస్తు చేసుకోవచ్చు. ఇక్కడి సర్పంచ్ పదవితో దాన్ని పోల్చలేం. ఒక విధంగా పంచాయతీకి సీఈఓను పెట్టుకున్నట్టు ఉంటుంది.

పిల్లల విషయంలో కున్తా బాధ్యత చాలా ఖర్చుతో కూడింది. బడి ఐదు కిలోమీటర్లకు మించి దూరంగా ఉంటే పిల్లవాడిని ఉచితంగా తీసుకెళ్లాలి, తీసుకురావాలి. పల్లె బడులు ఒక్కొక్కటే మూతపడ్డాక సాల్లాలో ఈ లెక్క ఎంత పెరిగిందో ఊహించొచ్చు. పొద్దున్నే చీకట్లో, అడవి మధ్య ఒక ఇంటి ముందు ట్యాక్సీ ఆగుతుంది. ఒక్క పిల్లాడు ఎక్కుతాడు. మరో ఇరవై కిలోమీటర్లు పోయాక ఇంకో పిల్ల ఎక్కుతుంది. అంత దూరం అయినా రోజు మొత్తం ప్రయాణం చిన్న పిల్లలకు రెండున్నర గంటలు దాటకూడదు. బడిలో వేడి భోజనం పిల్లలందరికీ ఉచితం, 1948 నుంచి దేశమంతటా ఇదే పద్ధతి. దూరపు పల్లెల్లో మూసేసిన బడి భవనాలు చాలా చోట్ల ఊరి సంఘం చేతికి వచ్చి, పెళ్లిళ్లకు, కాఫీ సమావేశాలకు పనికొస్తున్నాయి.

2023 జనవరిలో ఒక పెద్ద మార్పు వచ్చింది. ఆసుపత్రులు, వృద్ధుల సంరక్షణ, సామాజిక సేవలు కున్తాల నుంచి తీసేసి కొత్తగా ఏర్పడిన 21 సంక్షేమ ప్రాంతాలకు అప్పగించారు. దానికి తగ్గట్టు కున్తా పన్నులో 12.64 శాతం పాయింట్లు కోసేశారు. కున్తా బడ్జెట్ దాదాపు సగమైంది. ముసలివాళ్లు ఎక్కువగా ఉన్న ఊరికి ఇది ఊరటే, వైద్యం ఖర్చు నెత్తి మీద నుంచి దిగింది. కానీ ఊరి ఆరోగ్య కేంద్రంలో పడకలు ఉండాలా వద్దా అనే మాట ఇప్పుడు ఊరి సభలో తేలదు, మొత్తం ల్యాప్‌లాండ్‌కు ఒకటే సభ చూసుకుంటుంది. కాన్పుకైనా, గుండె నొప్పికైనా పోవాల్సింది రొవానియెమి కేంద్ర ఆసుపత్రికి, అది 150 కిలోమీటర్లు. మంచు తుఫానులో అంబులెన్స్‌కు అది ఎంతసేపు పడుతుందనే టెన్షన్ హెల్సింకిలో కూర్చుని సంస్కరణ రాసినవాళ్లకు ఉండదు. 2025 జనవరిలో దీనికి పూర్తి ఎదురుగా, ఉద్యోగాలు చూపించే బాధ్యతను దేశ ప్రభుత్వ కార్యాలయాల నుంచి కున్తాలకు దించారు. అయితే ఒక్కో ప్రాంతంలో కనీసం ఇరవై వేల మంది పనివాళ్లు ఉండాలన్నారు. సాల్లా జనమంతా పనికొచ్చేవాళ్లే అనుకున్నా అందులో దాదాపు ఆరో వంతే. అందువల్ల పక్క కున్తాలతో కలవక తప్పలేదు.

చలి, రెయిన్‌డీర్, హిల్లా పండు

సాల్లా రోజువారీ జీవితం వాతావరణాన్ని బట్టే ఉంటుంది. 1985 జనవరిలో ఇక్కడి నరుస్కా పల్లెలో మైనస్ 50.4 డిగ్రీలు నమోదైంది. 1999లో కిత్తిలా దాన్ని మైనస్ 51.5తో దాటేదాకా దేశ రికార్డు ఇదే. రోజూ అంత చలి ఉండదు, మైనస్ ఇరవై అంటే మామూలు చలికాలపు రోజు. ఇంటి ముందు, ఆఫీసు ముందు పార్కింగ్‌లో చిన్న కరెంటు స్తంభాలు ఉంటాయి. కారు ముందు భాగం నుంచి వైరు లాగి ఆ సాకెట్‌లో పెట్టి రాత్రి ఇంజన్‌ను వెచ్చగా ఉంచుతారు. లేకపోతే పొద్దున స్టార్ట్ అవడమే కష్టం. డిసెంబర్ చివర్లో సూర్యుడు దిగంతం అంచున తొంగి చూసి మళ్లీ దిగిపోతాడు. అందుకు బదులుగా జూన్‌లో అసలు అస్తమించడు. ఆ నెలంతా అర్ధరాత్రి పచ్చగడ్డి కోస్తున్నా ఎవరూ వింతగా చూడరు.

రెయిన్‌డీర్ పెంపకం ఇక్కడ ఒక చట్టబద్ధమైన వ్యవస్థ. నార్వే, స్వీడన్లలో అది ముఖ్యంగా సామీల హక్కు. ఫిన్లాండ్‌లో ఆ ప్రాంతంలో ఉండే ఎవరైనా, ఏ యూరోపియన్ యూనియన్ పౌరుడైనా పెంచుకోవచ్చు. ఉత్తరాన ఉన్న మేత నేలను 54 సంఘాలుగా పంచారు, మొత్తం మీద 203,700 జంతువులకు మించకూడదన్న పరిమితి ఉంది. మందలు అడవిలో తమంతట తాము తిరుగుతాయి. జూన్, జూలైలో పిల్లలను పట్టి చెవులకు కత్తితో గుర్తు వేస్తారు. ప్రతి యజమానికీ ఒక ప్రత్యేక కత్తిరింపు ఉంటుంది, చెవి చూసి ఇది ఫలానా ఇంటిదని చెప్పేస్తారు. శరత్కాలంలో కంచెల్లోకి తోలి ఏవి మాంసానికి, ఏవి మందలో ఉండాలో వేరు చేస్తారు. సాల్లా కాపర్లకు అదనపు తలనొప్పి తూర్పు సరిహద్దు. అటు పోకుండా రెయిన్‌డీర్ల కోసమే సరిహద్దు వెంబడి కంచె ఉంది, దాన్ని చూసుకునేది ప్రభుత్వం. రోడ్డు మీద పరిస్థితి వేరు. వేసవిలో దోమల బాధ తప్పించుకోవడానికి, చలికాలంలో తిండి కోసం జంతువులు తారు మీదికి వస్తాయి. ఫిన్లాండ్‌లో ఏటా నాలుగు వేల దాకా రెయిన్‌డీర్లు బండ్ల కింద పడతాయి.

ఎండాకాలం చివర బెర్రీల కాలం. బురదనేలల్లో పండే నారింజ రంగు హిల్లా, తర్వాత నీలి బెర్రీ, ఆ తర్వాత ఎర్ర లింగన్ బెర్రీ. ఎవరి అడవిలోనైనా ఎవరైనా కోసుకోవచ్చు, అది ఫిన్లాండ్‌లో అందరి హక్కు. కోసిన పండు అమ్ముకుంటే వచ్చే డబ్బు మీద పన్ను లేదు. హిల్లా ఏ బురదలో బాగా కాస్తుందో ఇంటి గుట్టు, అల్లుడికి కూడా తొందరగా చెప్పరు. శరత్కాలంలో దుప్పి వేట. ప్రతి పల్లె వేటగాళ్ల సంఘం వేట అయ్యాక పెద్ద గిన్నెలో దుప్పి మాంసం సూప్ కాచి, వేటకు నేల ఇచ్చినవాళ్లందరినీ పిలుస్తుంది. దగ్గర ఊళ్ల వాళ్లు ఒకరినొకరు చూసుకునేది అప్పుడే. మనిషికి ఏటా పది కిలోల దాకా కాఫీ పొడి ఖర్చు పెట్టే దేశం ఇది. అందులో పెద్ద వాటా ఇలాంటి చోట్లే అయిపోతుందేమో.

అదే సరిహద్దు, మళ్లీ

పని లేని ఊరు దూరాన్ని అమ్ముకోవడం నేర్చుకుంది. నిశ్శబ్దం, మంచు, చలికాలపు రాత్రి ఆకాశంలో రంగులు ఆడే ఉత్తర వెలుగులు. ఇక్కడి హౌతాయార్వి దగ్గర మొదలై దక్షిణాన రుకా దాకా 82 కిలోమీటర్లు సాగే 'ఎలుగుబంటి చుట్టు' అనే కాలిబాట ఫిన్లాండ్‌లో అందరికీ తెలుసు. 2022 జనవరి 1న దేశంలో 41వ జాతీయ పార్కు సాల్లాలో ఏర్పడింది. 2021 జనవరిలో ఈ ఊరు చేసిన చమత్కారం ప్రపంచాన్నంతా నవ్వించింది. 2032 వేసవి ఒలింపిక్స్ మా ఊళ్లో పెట్టండి అని సాల్లా ప్రకటించింది. మేనేజర్ ఎర్కి పర్కినెన్ గంభీరంగా కెమెరా ముందు నిలబడ్డారు. ఎండకు వాలిపోయిన రెయిన్‌డీర్‌ను చిహ్నంగా పెట్టి, దానికి 'కెసా', అంటే వేసవి, అని పేరు పెట్టారు. ఆటలు రావాలని కాదు, మంచు ఊరు వేసవి ఆటలకు అర్హమయ్యేంతగా భూమి వేడెక్కుతోందని చెప్పడానికి. ఆ ఆటలు బ్రిస్బేన్‌కు పోయాయి. సాల్లాకు మాత్రం, కొనాలన్నా దొరకనంత ప్రచారం దక్కింది.

ఊరి ఉత్తర భాగంలో వార్రియో అనే పరిశోధన కేంద్రం ఉంది, 1967లో హెల్సింకి విశ్వవిద్యాలయం పెట్టింది. గాలిలో ఏముందో అక్కడ 1990ల మొదటి నుంచి ఆగకుండా కొలుస్తున్నారు. కారణం సరిహద్దు అవతల కోలా ద్వీపకల్పంలోని నికెల్ కొలిమిలు. వాటి గంధకపు పొగ గాలితో పాటు ఇటు వచ్చేది. మనుషులు దాటలేని గీతను పొగ ఎప్పుడూ దాటేది.

మనుషులు కూడా కొంతకాలం దాటారు. సోవియట్ యూనియన్ కూలాక పాత సాల్లాలో పుట్టిన ముసలివాళ్లు, మొండి గోడలైనా చూసి రావడానికి బస్సుల్లో వెళ్లారు. 2002లో కెల్లోసెల్కా దగ్గర సరిహద్దు చెక్‌పోస్టు అందరికీ తెరిచారు. మూర్మాన్స్క్ వైపు రష్యన్లు స్కీయింగ్‌కు, షాపింగ్‌కు వచ్చేవాళ్లు. హోటళ్లలో, దుకాణాల్లో రష్యన్ మాట వినిపించేది. సాల్లా ఓ ఇరవై ఏళ్లు మళ్లీ దారి మధ్య ఊరైంది. ఆ దారి మీద రైలు మాత్రం తిరిగి కూతెట్టలేదు. 1940 ఒప్పందం కట్టించిన పట్టా మీద సాల్లా వైపు ముక్కను 2012లో అధికారికంగా మూసేశారు. కాందలాక్ష దాకా మళ్లీ కలపాలని ల్యాప్‌లాండ్‌లో చాలాసార్లు అనుకున్నారు, అనుకోవడంతోనే ఆగింది. ఇటు వైపు ఇలా ఉంటే, అవతల అలాకుర్తిలో రష్యా 2014 తర్వాత ఆర్కిటిక్ బ్రిగేడ్‌ను దింపింది. పాత సాల్లాకు చెందిన ఆ ఊరి పేరు ఇప్పుడు ఎక్కువగా వినిపించేది సైనిక వార్తల్లోనే.

2022 సెప్టెంబర్ చివర్లో ఫిన్లాండ్ రష్యన్ టూరిస్టులను ఆపేసింది. 2023 ఏప్రిల్ 4న నాటోలో చేరింది. అదే ఏడాది నవంబర్‌లో మధ్య ప్రాచ్యం, ఆఫ్రికా దేశాల మనుషులు రష్యా వైపు నుంచి ఆశ్రయం అడుగుతూ మంచులో సైకిళ్ల మీద సరిహద్దుకు రావడం మొదలైంది. వాళ్లను కావాలనే పంపుతున్నారని ఫిన్లాండ్ ఆరోపించింది. నవంబర్ 24న సాల్లా చెక్‌పోస్టు మూసేశారు, నెలాఖరుకు తూర్పు సరిహద్దు మొత్తం మూతపడింది.

ఇప్పుడు టూరిస్టు బస్సులు పడమర నుంచి, రొవానియెమి, కూసామో విమానాశ్రయాల నుంచి మాత్రమే వస్తాయి. స్కీ కొండ దగ్గర ఆగి అక్కడి నుంచే వెనక్కి తిరుగుతాయి. అక్కడి నుంచి తూర్పుకు కెల్లోసెల్కా దాకా మంచి తారు రోడ్డు ఉంది. దాని మీద తిరిగేవి ఆ పల్లె వాళ్ల కార్లు, సరిహద్దు దళం బండ్లు, ఇంకా రెయిన్‌డీర్లు.